పొడి రాలని సుద్ద

"మళ్ళీ వెనక్కొచ్చాయి."

పెద్దకొడుకు అట్టపెట్టెల్ని తెచ్చి తమ్ముడి కాళ్ళ దగ్గర పడేశాడు. ఒక పెట్టె మూత ఊడి, సుద్దముక్కలు దొర్లుకుంటూ పోయి నీళ్ళ తొట్టి దగ్గర ఆగాయి. విరిగిన వాటి నుంచి తెల్లటి పొడి లేచి ఎప్పటిలాగే అందరి చెప్పుల మీదా వాలింది.

"చూశావా? పొడి. అదే పొడి. స్కూళ్ళవాళ్ళు అడిగింది ఇదేనా?"

చిన్నకొడుకు చేతిలోని ఇత్తడి అచ్చుకి నూనెగుడ్డ రుద్దుతూనే ఉన్నాడు.

"నిన్నేరా. గోడతో మాట్లాడుతున్నానా?"

"నాకు తెలిసినట్టే చేశాను, అన్నయ్యా."

"తెలిసినట్టు చేస్తే ఆ వాయి ఎలా వచ్చింది? ఇది ఎలా వచ్చింది?"

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆ కుటుంబం సుద్దముక్కలు పోస్తుంది. ప్లాస్టర్ పొడిని నీళ్ళలో కలిపి అచ్చుల్లో పోయడం, గట్టిపడ్డాక విడదీసి రేకుల మీద ఆరబెట్టడం, పెట్టెల్లో సర్దడం. కలిపేదీ పోసేదీ చిన్నకొడుకు. స్కూళ్ళకి తిరిగి అమ్మేది పెద్దకొడుకు. సర్దడం కోడళ్ళిద్దరి పని. పెద్దాయన ఒకప్పుడు అన్నీ చేశాడు. ఇప్పుడు స్టూలు మీద కూర్చుని దగ్గుతాడు.

కొన్ని నెలల కిందట ఒక వాయి వేరేలా వచ్చింది. ఆ ముక్కలతో రాస్తే గీత నున్నగా, చిక్కగా పడింది. తుడిస్తే పొడి రాలలేదు, గుడ్డకే అంటుకుపోయింది. రోజంతా బోర్డు దగ్గర దగ్గుతూ పాఠం చెప్పే లెక్కల టీచరు ఆ పెట్టె వాడి, సాయంత్రం తన చీర చెంగు చూసుకుని ఆశ్చర్యపోయింది. చుట్టుపక్కల స్కూళ్ళన్నిటికీ సరుకు కొనే కమిటీకి చెప్పింది. ఇక నుంచి అలాంటి సుద్దే కావాలి, మామూలుది అసలు వద్దు అని కమిటీ తేల్చేసింది.

అప్పటి నుంచి చిన్నకొడుకు ఎన్ని వాయిలు పోసినా ఆ సుద్ద మళ్ళీ రాలేదు.

"చెయ్యలేవా, చెయ్యవా? ఆ ఒక్క ముక్క చెప్పు," అన్నాడు పెద్దకొడుకు. "మొన్న టీకొట్టు దగ్గర ఆ ప్లాస్టర్ డిపో ఆయనతో అంతసేపు ఏం మాట్లాడావు? కిటుకు అక్కడ అమ్ముకుందామనా?"

నూనెగుడ్డ ఆగింది.

"ఒరేయ్, తినే కంచం దగ్గర కూడా ఇదే గొడవ. ఇక్కడ కూడానా," అన్నాడు పెద్దాయన.

"మీరుండండి నాన్నా. మీరు వాడి పక్కే మాట్లాడతారు."

"నేను దగ్గుతున్నానురా. ఎవరి పక్కా మాట్లాడట్లేదు."

గోడ వారగా గోనెపట్టా మీద కోడళ్ళిద్దరూ పెట్టెలు సర్దుతున్నారు. పెద్దకోడలు చేతులాపి మొగుడి వంక చూసింది. "మరిది ఏం దాస్తాడండీ? పాపం అన్నీ చేసి చూశాడు. చల్లనీళ్ళు, వేణ్ణీళ్ళు, వానాకాలం పట్టి ఉంచిన నీళ్ళు. ఆ మంచి వాయి ముక్కలకి చీమలు పట్టాయి కదా అని నేనే చక్కెర కలపమన్నాను. చీమలొచ్చాయి. టీచర్లే రాలేదు."

పెద్దాయన నవ్వబోయి దగ్గాడు. మిగతా ఎవరూ నవ్వలేదు.

చిన్నకోడలు తల ఎత్తలేదు. ఒక్కో ముక్కా తీసి పెట్టెలో పక్కపక్కనే పేరుస్తోంది. నిలువుగా ఒక వరస, దాని మీద అడ్డంగా కాగితం, మళ్ళీ వరస. ఈ మధ్య ఇంట్లో మాటలు ఆమె దాకా వచ్చేవి, వచ్చి ఆగిపోయేవి. పక్కింట్లో రేడియో మోగుతున్నట్టు ఉండేది.

"ఎల్లుండి కమిటీవాళ్ళు స్వయంగా వస్తున్నారు," పెద్దకొడుకు గొంతు తగ్గించాడు. తగ్గిస్తే ఇంకా భయంగా ఉంది. "రేపు చివరిసారి ఒక వాయి పొయ్యి. కుదిరిందా, సరే. లేదా, అచ్చులు నాకు అప్పజెప్పి నీ దారి నువ్వు చూసుకో. నీ దగ్గర విద్య ఉండి ఇంటికి పనికిరానప్పుడు, నువ్విక్కడ ఎందుకు?"

చిన్నకోడలు పెట్టెకి మూత పెట్టింది. ఇంకో పెట్టె తీసుకుంది.

*

మధ్యాహ్నం లెక్కల టీచరు వచ్చింది. ముక్కుకి అడ్డం కట్టుకున్న గుడ్డ మెడ మీదికి జారి ఉంది. కమిటీలో మాట పోతుందేమోనని ఆమెకీ బెంగ పట్టుకుంది. ఆ సుద్ద కోసం వాళ్ళందరి దగ్గరా గట్టిగా చెప్పింది తనే.

పెద్దాయన ఆమెకి కుర్చీ వేయించాడు. "ఆ ఒక్క వాయి భగవంతుడి దయమ్మా. మన చేతిలో ఏముంది? మళ్ళీ ఆయనే ఇవ్వాలి."

"ఇస్తాడులెండి. ఇలా పొరపాటున పుట్టినవి చాలా ఉన్నాయి, పెద్దాయనా. మా సైన్సు మాస్టారు చెబుతుంటారు. రబ్బరుని గంధకంతో కలిపిన ముద్ద వేడి పొయ్యికి తగిలితే కరగకుండా గట్టిపడిందట. ఇవాళ మనం తిరిగే చక్రాలన్నీ అలా వచ్చినవేనట. ఇంకొకాయన చేతిలోంచి గాజుపాత్ర జారిపడి పగిలిందట గానీ పెంకులు విడిపోలేదట. చూస్తే లోపల ఏదో మందు ఎండిపోయి పొరకట్టి ఉంది. కార్ల ముందు అద్దాలు అలా వచ్చాయట."

"పొరపాట్లలో కూడా అదృష్టం ఉండాలి," అన్నాడు పెద్దకొడుకు. "మావాడు చేసిన పొరపాటేదో వాడికే గుర్తులేదు."

టీచరు చిన్నకొడుకు వంక జాలిగా చూసింది. "ఆ రోజు ఏం జరిగిందో వరసగా గుర్తుచేసుకో నాయనా. పొద్దున లేచింది మొదలు. ఎవరొచ్చారు, ఏం తిన్నావు, ఏ బకెట్టు వాడావు..."

చిన్నకొడుకు నేల చూశాడు. పెద్దాయన కిటికీ చూశాడు. పెద్దకోడలు గబుక్కున లేచి, "టీ తెస్తాను," అంటూ లోపలికి నడిచింది.

ఆ రోజుల సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. టీచరుకి అది తెలియదు.

"టీచరుగారూ."

అందరూ తిరిగి చూశారు. మాట్లాడింది చిన్నకోడలు. ఆమె గొంతు కాస్త బొంగురుపోయి ఉంది.

"ఆ గాజుపాత్ర జారిన ఆయన... ఆ రోజు ఆయన ఎలా ఉన్నాడో ఎవరైనా అడిగారా?"

"ఎలా ఉన్నాడంటే?"

"ఏం లేదు. చెయ్యి ఎందుకు జారిందో అని."

"అది ఎక్కడా చదవలేదమ్మా," అంది టీచరు నెమ్మదిగా. "వస్తువు గురించే రాస్తారు."

చిన్నకోడలు తల ఊపి మళ్ళీ సర్దడంలో పడిపోయింది.

*

ఆ రోజు ఏ బకెట్టు వాడారో ఆమెకి తెలుసు. నీలం బకెట్టు, పిడి ఒక పక్క ఊడినది.

పాప పుట్టి వారం తిరగలేదు. ఆస్పత్రి నుంచి ఉత్త చేతులతో వచ్చారు. పెద్దకోడలు తన పిల్లల ఉయ్యాల తెచ్చి బిగించి ఉంచింది. వీళ్ళు గుమ్మం ఎక్కేసరికి ఆ కొక్కేలకి ఏమీ లేదు. ఎవరు విప్పారో, ఎక్కడ పెట్టారో, ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అది వాళ్ళ మంచితనమే. అయినా ఒక్కరైనా అడిగి ఉంటే బాగుండేదేమో.

పాప లేదన్న సంగతి ఒంటికి తెలియదు. పాలు వస్తూనే ఉన్నాయి. మాత్రలు వేసుకుంటే ఆగుతాయి, నొప్పెక్కితే పిండి పారబొయ్యమని నర్సు చెప్పింది. ఆ పొద్దున పెరట్లో తడకచాటున నిలబడి స్టీలు గిన్నెలోకి పిండింది. గిన్నె నిండింది. పారబోయడానికి కాలవ దాకా వెళ్ళింది. కాలవలో సబ్బునురగ, కూరగాయల తొక్కులు పోతున్నాయి. చెయ్యి వంగలేదు.

ఏడుపు రాలేదు. ఇది బాగా గుర్తుంది ఆమెకి. ఏమీ అనిపించలేదు. గిన్నె బరువుగా ఉందనిపించింది, అంతే. తిరిగి వస్తుంటే షెడ్డు గుమ్మంలో నీలం బకెట్టు కనిపించింది, వాయి కలపడానికి పట్టి ఉంచిన నీళ్ళతో. పక్కన ప్లాస్టర్ బస్తా నోరు తెరుచుకుని ఉంది. అక్కడంతా తెలుపే కదా అనుకుంది. బకెట్లో పోసేసింది. తెలుపులో తెలుపు కలిసిపోతుంది, ఎవరి కాలి కిందా పడదు.

కాసేపటికి భర్త వచ్చి అదే బకెట్లో పొడి కలిపాడు. ఆమె పక్కనే ఉంది. అతను ఆమె వంక గానీ బకెట్టు వంక గానీ చూడలేదు.

సుద్ద మంచిదొచ్చిందని ఇంట్లో అందరూ సంతోషించిన రోజు, మామగారు దేవుడి పటం ముందు చేతులు జోడించి "అంతా నీ దయ తండ్రీ" అన్నారు. ఆమె కూడా వెనకే చేతులు జోడించింది. చిన్నప్పటి నుంచీ నమ్మిన దేవుడే. ఇందులో ఏది దయ అని అడగాలనిపించింది. అడిగేటంత ఓపిక లేక ఊరుకుంది.

చెప్పకపోవడానికి ఆమెకి పెద్ద కారణమేమీ లేదు. చెప్పాలంటే ముందు పాప అనాలి. అన్నాక వాళ్ళు అయ్యో అంటారు. ఆ తర్వాత, కాస్త ఆగి, మర్యాదగా, ఎన్ని పాలు అని అడుగుతారు. అది కిటుకవుతుంది. ఇప్పటిదాకా అది తనకీ పాపకీ మధ్య ఉంది. పాపది అంటూ ఇంకేమీ మిగల్లేదు.

*

రాత్రి అన్నం ముందు భర్త కంచం పక్కకి జరిపాడు.

"అన్నయ్య అన్నదాంట్లో ఒకటి నిజం," అన్నాడు. "డిపో ఆయనతో మాట్లాడాను."

ఆమె చూసింది.

"లారీకి బస్తాలెత్తే పని ఉందా అని అడిగాను. మోస్తావా, నడుము ఉందా అన్నాడు. ఉందన్నాను."

"ఎప్పుడు రమ్మన్నాడు?"

"ఇక్కడ అయిపోయాక రమ్మన్నాడు." అతను వేళ్ళ సందుల్లోని తెలుపుని గోరుతో గీకాడు. అది ఎన్నాళ్ళు కడిగినా పోయేది కాదు. "నేను దాస్తున్నానని అన్నయ్య నమ్ముతున్నాడు. దాయడానికి నా దగ్గర ఏమైనా ఉంటే బాగుండు. టీచరు వరసగా గుర్తుచేసుకోమంది. ఆ రోజు నా చేతులు పని చేశాయి. నేను లేను అక్కడ."

ఆమెకి లోపల ఏదో కదిలింది. బాధేమో అనుకుంది. కాదు, ఇంకా బాధ కాదు. పొద్దున తిమ్మిరెక్కిన కాలు నేల మీద పెట్టినప్పటిలా ఉంది.

"ఒక్కటే గుర్తుంది," అన్నాడతను. "అచ్చు తొందరగా విడవలేదు. పొడి పోసిన కాసేపటికే గట్టిపడాలి కదా. ఆ రోజు ఎంతసేపటికీ పచ్చిగానే ఉంది. పక్కన నిలబడ్డాను. నాకూ వేరే ఎక్కడికీ వెళ్ళాలని లేదు, దానికీ తొందర లేదు."

"ఏమండీ."

"ఊఁ?"

ఆమె అతని కంచంలో కూర వడ్డించింది. "తినండి," అంది.

*

పొద్దున పెద్దకోడలు పాలప్యాకెట్టు మూల కత్తిరించి గిన్నెలో పోయబోతోంది. చిన్నకోడలు వచ్చి ఆ ప్యాకెట్టు చేతిలోంచి తీసుకుంది.

"టీ నేను పెడతాలే, నువ్వు కూర్చో," అంది పెద్దకోడలు.

"టీకి కాదు అక్కయ్యా."

షెడ్డులో ముగ్గురు మగవాళ్ళూ ఉన్నారు. పెద్దకొడుకు గడప మీద కూర్చుని తమ్ముడి చేతులనే చూస్తున్నాడు. చిన్నకొడుకు నీలం బకెట్టులో నీళ్ళు పట్టి, బస్తా మూతి విప్పుతున్నాడు. చిన్నకోడలు నేరుగా వెళ్ళి ప్యాకెట్టులో పాలన్నీ బకెట్లో పోసింది.

"ఏమిటమ్మాయ్ ఇది?" పెద్దకొడుకు లేచాడు. "మతిపోయిందా? టీకి పాలు..."

"కలపండి," అంది ఆమె భర్తతో.

అతను ఆమె ముఖం చూశాడు. తర్వాత తెడ్డు తీసుకుని కలిపాడు.

అచ్చులో పోశారు. పైన రేకుబద్దతో గీశారు. మామూలుగా అయితే పెద్దాయన ఒక దగ్గు దగ్గి ముగించేలోపు అది గట్టిపడాలి. ఆయన ఎన్నోసార్లు దగ్గాడు. లేచి వచ్చి వేలితో తాకి చూశాడు.

"ఇదేమిట్రా, ఇంకా పచ్చిగానే ఉంది. వాయి చెడినట్టుంది."

చిన్నకొడుకు అచ్చు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. ఎప్పుడో ఒకసారి సరిగ్గా ఇలాగే, ఇక్కడే నిలబడ్డ మనిషి అతను. ఆమె వంక తిరగలేదు గానీ, అతని మెడ వెనక నరం బిగుసుకోవడం ఆమెకి కనిపించింది.

చాలాసేపటికి అచ్చు విడిచింది. మిగతావి ఎండలో పెట్టి, నాలుగు ముక్కల్ని మాత్రం వంటింటి పొయ్యి వెచ్చ తగిలేలా రేకు మీద ఆరబెట్టారు. పెద్దకోడలు ఆ రేకు చుట్టూ తడిగుడ్డ పెట్టింది. అయినా అవి వచ్చాయి.

"చీమలు," అంది పెద్దకోడలు. అని, అలాగే వంగి ఉండిపోయింది.

పొద్దువాలేసరికి ముక్కలు రాయడానికి పనికొచ్చేలా ఎండాయి. షెడ్డు తలుపుకి నల్లరంగు వేసి ఉంటుంది, సరుకు పరీక్షించడానికి. పెద్దకొడుకు ఒక ముక్క తీసి అడ్డంగా గీత గీశాడు. తుడిచాడు. కింద నేల చూశాడు. అరచెయ్యి చూసుకున్నాడు. మళ్ళీ గీశాడు. నిన్న తమ్ముడిని బయటికి పొమ్మన్న మనిషే చిన్నపిల్లాడిలా తలుపు నిండా గీతలు గీస్తున్నాడు.

"ఇదే. ఇదేరా. పాలు! ఇంత చిన్న విషయమా!" తమ్ముడి భుజం పట్టుకుని ఊపాడు. "ఒరేయ్, నిన్న ఏదో నోరు జారాను. మనసులో పెట్టుకోకు. రేపు వాళ్ళని రానీ, చూపిద్దాం." చిన్నకోడలి వైపు తిరిగాడు. "నీకెలా తట్టిందమ్మాయ్? ఆ రోజు నువ్వు చూశావా, పాలు ఒలికాయా?"

ఆమె రేకు మీద మిగిలిన ముక్కల్ని వరసగా జరిపింది.

"అవునూ," పెద్దకొడుకు ఆలోచిస్తూ పెళ్ళాం వైపు తిరిగాడు. "ఆ రోజుల్లో ఇంట్లో పాలెక్కడివి? అందరం ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్నామని ప్యాకెట్లు వద్దని చెప్పాం కదా. నువ్వే కదే చెప్పింది? మనం తాగింది నల్లటీ..."

"మీరు కాసేపు నోరు మూసుకుంటారా?" అంది పెద్దకోడలు. ఆమె కళ్ళు చిన్నకోడలి మీదే ఉన్నాయి. చేతిలో తడిగుడ్డ నుంచి నీళ్ళు కారి ఆమె పాదాల మీద పడుతున్నాయి.

"నేనేమన్నానే ఇప్పుడు..."

"మూసుకోండి అన్నానా."

పెద్దాయనకి ఇదేదీ అందలేదు. లోపలికి వెళ్ళి, దేవుడి పటం కింద గూట్లో దాచిన ముక్క తెచ్చాడు. ఆ మొదటి వాయిలో మిగిలినది అదొక్కటే. "రెండూ పక్కపక్కన రాసి చూద్దాం. తేడా ఉందో లేదో తెలిసిపోతుంది," అంటూ తలుపుకి ఆనించబోయాడు.

"దాంతో రాయకండి, మామయ్యగారూ."

ఆమె అరవలేదు. అయినా పెద్దాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఒక్క గీతేనమ్మా."

"అరిగిపోతుంది."

చిన్నకొడుకు ముందుకొచ్చి తండ్రి చేతిలోంచి ఆ ముక్క తీసుకున్నాడు. అరచేతిలో పెట్టుకుని చూశాడు. వేలెడు పొడవు, తెల్లగా, నున్నగా. ఆ చేతులకి అలాంటివి లక్షల్లో తెలుసు. దీన్ని మాత్రం ఎలా పట్టుకోవాలో తెలియనట్టు రెండో చెయ్యి కింద పెట్టాడు.

"పాప పాలా?" అన్నాడు.

అంతే. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ ఇంట్లో పాప అన్న మాట వినిపించడం అదే మొదలు.

ఆమె అవునని తల ఊపింది. తిమ్మిరి మీద సూదులు గుచ్చుకున్నట్టు కళ్ళు మండాయి. ఇంకా నీళ్ళు రాలేదు.

పెద్దకొడుకు గోడకి ఆనుకున్నాడు. అర్థం కావడం అతని ముఖంలో కిందికి దిగుతూ వచ్చింది. చేతిలోని కొత్త సుద్దని ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో వేసుకున్నాడు. వెంటనే తప్పు చేసినట్టు బయటికి తీశాడు.

వీధి గేటు గడియ చప్పుడైంది. లెక్కల టీచరు గొంతు వినిపించింది. "పెద్దాయనా, కమిటీవాళ్ళు రేపటిదాకా ఆగలేమంటూ ఇవాళే వచ్చేశారు. ఆ మొదటి వాయి ఎలా కుదిరిందో మీ నోట వింటారట."

చెప్పుల చప్పుళ్ళు ఇంటి పక్క సందులోంచి దగ్గరవుతున్నాయి.

పెద్దకొడుకు చిన్నకోడలి వైపు వచ్చి కాస్త దూరంలోనే ఆగాడు. "ఏం చెప్పమంటావమ్మా?" అన్నాడు. ఏం చెయ్యాలో అతను ఆమెని అడగడం ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి.

ఆమె భర్త చేతిలోని ముక్కనే చూస్తోంది.

"పాలని చెప్పండి," అంది. "ఎవరైనా... మొదటి వాయిలో పాలు ఎక్కడివని అడిగితే..."

తలుపు మీది గీతలపై అప్పుడే వాళ్ళ నీడలు పడ్డాయి.